మాసీ క్విర్క్ తూకం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. గుర్రప్పందేల జాకీ మాసీ క్విర్క్ పోయి ఇంకా రెండు రోజులు కాలేదు, కిల్‌డ్రోమ్ జనం అప్పుడే అతని కళ్ళను చేటలంత చేసేశారు. ముందు గదిలో, పసుపు చుక్కల ఆకుపచ్చ పందెపు చొక్కా తొడుక్కుని, పొట్ట మీద జీను పెట్టుకుని, మాసీ శవపెట్టెలో పడుకుని ఉన్నాడు. వంటింట్లో హామ్ శాండ్విచ్‌లు, గుడ్డు శాండ్విచ్‌లు, పెద్ద కెటిల్ నిండా టీ, ఫాదర్ డౌడ్ కంట పడీ పడనట్టుగా విస్కీ ఉన్నాయి. ఈ రెండు గదుల మధ్య నడవా ఉంది. ఆ నడవాలో అబద్ధాలు నడుస్తున్నాయి.

"కార్క్ పందేల్లో పొద్దున భుజం ఎముక విరిగింది. మధ్యాహ్నం గెలిచాడు" అన్నాడొకడు.

"రెండు భుజాలూ విరిగాయిరా. నేనక్కడే ఉన్నా" అన్నాడు రెండోవాడు.

"రెండు భుజాలూ విరిగితే కళ్ళెం దేంతో పట్టుకున్నాడు?"

"పళ్ళతో."

ఇంత మాట అన్నాక మూడోవాడు ఊరుకుంటాడా? మాసీ ఒకసారి గుర్రాలు దూకే ఆఖరి అడ్డు దగ్గర గుర్రం మీంచి పడిపోయి, గుర్రం కంటే ముందు పరిగెత్తుకొచ్చి గీత దాటాడని చెప్పాడు. నడవాలో పదిహేను మంది తలలూపారు. ఆ పదిహేను మందీ ఆ రోజు అక్కడే ఉన్నారట.

ఒక్క బాటీ హాకెట్ మాత్రం మాట్లాడకుండా వంటింటి తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అరవై ఆరేళ్ళు. పాల కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు డబ్బాలు మోసిన భుజాలు. లోపలికి వస్తూనే, తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన చిన్న సీసపు దిమ్మ బొటనవేలికి తగిలి కుంటుతూ కూలబడ్డాడు. ఎర్రగుడ్డ చుట్టిన ఆ దిమ్మ అతనికి కొత్తేం కాదు. ప్రతి క్రిస్మస్ ముందు రోజూ మాసీ ఇంటికి పిలిచి చేతిలో ఓ పెద్ద హామ్, అంటే ఉప్పుపట్టిన పంది తొడ, పెట్టేవాడు. ప్రతిసారీ ఆ దిమ్మ అదే వేలికి తగిలేది.

ఇప్పుడతని బాధ వేలిది కాదు. ఈ కథలన్నీ తిరిగి తిరిగి ఎక్కడికి చేరతాయో అతనికి తెలుసు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "కప్పు" అనే మాటెత్తినా అతని చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది.

"ఎన్ని గెలిస్తే ఏం లాభం, పాపం సొంతూరి కప్పు మాత్రం దక్కలేదు" అన్నాడు ఫింటన్ స్లాటరీ. అని, బాటీ వైపు చూసి, చూడనట్టు నటించాడు. ఊళ్ళో పబ్బు స్లాటరీదే, శవపేటికల కొట్టూ స్లాటరీదే. రెంటికీ ఒకటే గుమ్మం. ఎడమకి తిరిగితే గ్లాసు, కుడికి తిరిగితే పెట్టె. ఎటు తిరిగినా స్లాటరీకి పోయేదేం లేదు కాబట్టి నోటికి అదుపు లేదు.

బాటీ చెయ్యి భుజం మీదికి పోయింది.

సంగతేమిటంటే, 1983 మార్చిలో కిల్‌డ్రోమ్ కప్పు పందెంలో మాసీ గెలిచాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు. ఎక్కింది వెట్ సండే అనే ఆడగుర్రం. దాన్ని దాని తల్లి కూడా నమ్మి ఉండదు. మరి గెలిచిన జాకీ ఏం చెయ్యాలి? గుర్రం దిగి, జీను తనే విప్పి చంకన పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా తూకం గదికి పోవాలి. పోయేటప్పుడు ఎంత తూగాడో వచ్చేటప్పుడూ అంతే తూగాలి. తూకం గుమాస్తా సరేననేదాకా గెలుపు గెలుపు కాదు. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన విషయమిది.

బాటీకీ తెలుసు. కానీ ఆ రోజు సంతోషం తలకెక్కింది. కంచె దూకి, జీనుతో సహా నడుస్తున్న మాసీని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని, వెనక రెండొందల మంది కేకలు వేస్తుంటే గేటు దాటించి, మూడొందల గజాల దూరంలో ఉన్న స్లాటరీ పబ్బులోకి మోసుకుపోయాడు. దారి పొడుగునా మాసీ అతని నెత్తి మీద రెండు చేతులతో బాదుతూ ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు. కుర్రాడు ఆనందం పట్టలేక కొడుతున్నాడనుకుని బాటీ ఇంకా జోరుగా పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి తూకం గుమాస్తా ప్రెండర్‌గాస్ట్ పుస్తకం మూసేశాడు. కప్పు రెండో గుర్రానికి పోయింది.

తిలాపాపం తలా పిడికెడంటారు గానీ, కిల్‌డ్రోమ్‌లో ఆ పాపమంతా ఒక్కడి భుజాలకే దక్కింది. వెనక అరిచిన రెండొందల మందీ ఆ రోజు అక్కడ లేరట, చూడండి వింత. అప్పట్నుంచీ బాటీ ఏది ఎత్తినా ఊరు ఊరంతా ఒకటే మాట: "ముందు తూకం వేయించరా బాటీ." పాలడబ్బా ఎత్తినా అదే, పక్కింటి పిల్లని ఎత్తినా అదే. పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని ఎత్తుకుని చర్చి గడప దాటబోతుంటే మెట్ల మీంచి నలభై గొంతులు ఒక్కసారే ఆ మాటన్నాయి. ఆవిడ మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

మాసీ మాత్రం ఒక్కనాడూ ఒక్క మాటనలేదు. వెయ్యిన్నర పందేలు గెలిచాడు, దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, ఏటేటా హామ్ ఇచ్చాడు. ఎంత పెద్ద మనసనుకుంటూ బాటీ ఆ హామ్‌ని ఆవాల ముద్దతో, కన్నీళ్ళతో కలిపి తినేవాడు. ఒరేయ్ మాసీ, నన్ను క్షమించు అని ఎదురుగా అడగడానికి నలభై ఒక్క ఏళ్ళు ప్రయత్నించాడు. ప్రతిసారీ నోరు తెరిస్తే "హామ్ బావుంది" అనే వచ్చేది. ఇప్పుడిక అడగడానికి మనిషి లేడు.

స్టూలు మీంచి లేచాడు.

"ఫింటన్, రేపు పెట్టె పందేల మైదానం గేటు ముందు నుంచే కదా పోయేది?"

"అవును. ఏం?"

"లోపలికి తీసుకుపోదాం. తూకం వేయిద్దాం."

నడవాలో అబద్ధాలు ఆగిపోయాయి. స్లాటరీ గ్లాసు దించాడు. "ఎవర్ని?"

"వాణ్ణే. జీను పొట్ట మీదే ఉంది. నేను పబ్బుకి తీసుకుపోయాను, నేనే తూకం గదికి తీసుకుపోతాను. ఆ పని కాకుండా వాణ్ణి మట్టిలో పెట్టనివ్వను."

ఇంకో ఊళ్ళో అయితే ఈ మాటకి నవ్వుతారు, లేదా డాక్టర్ని పిలుస్తారు. కిల్‌డ్రోమ్‌లో వెంటనే నియమాల మీద తగువు మొదలైంది. పెట్టె సామాను కిందికి వస్తుందా, దుస్తుల కిందికి వస్తుందా? టోపీ బరువు లెక్కలోకి రాదు కదా, పెట్టె కూడా టోపీ లాంటిదే కదా? "ఒంటినిండా పెట్టుకున్న టోపీ" అన్నాడు పళ్ళతో కళ్ళెం పట్టించినవాడు. పావుగంట వాదించుకుని, చివరికి అందరూ కలిసి ముందు గదిలోకి పోయారు. అక్కడ శవం పక్కన, నల్ల టోపీ ఒళ్ళో పెట్టుకుని, ప్రెండర్‌గాస్ట్ గారు గుడ్డు శాండ్విచ్ నములుతున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు తూకం గుమాస్తా. సొంత తమ్ముడు అర పౌను తక్కువ తూగితే గెలుపు రద్దు చేసి, అదే సాయంత్రం వాడింటికే భోజనానికెళ్ళిన మనిషి.

బాటీ చెప్పిందంతా ఆయన నమలడం ఆపకుండా విన్నారు.

"ఫలితం మారదు" అన్నారు.

"మారక్కర్లేదండి. తూకం వేస్తే చాలు."

"పందెం అవగానే, ఆలస్యం చెయ్యకుండా రావాలి. పుస్తకంలో అలా ఉంది."

"ఎన్ని నిమిషాలని ఉందా?" అన్నాడు స్లాటరీ.

"అలా లేదు. ఆలస్యం చెయ్యకుండా అని ఉంది."

"మరింకేం. మనిషి పోయాడు కదండీ. ఇంతకంటే తొందరగా రాలేకపోయాడు."

ప్రెండర్‌గాస్ట్ గారు చాలాసేపు పెట్టెలోకి చూశారు. వేలితో మీసం మీంచి గుడ్డు తుడుచుకున్నారు. "జీను ఉందిగా" అన్నారు, తనలో తనే అనుకున్నట్టు. "పది గంటలకి రండి. పదీ ఒకటికి వస్తే తలుపు తియ్యను."

ఫాదర్ డౌడ్ మాత్రం ఒప్పుకోలేదు. "తూకం వెయ్యమని ఏ ప్రార్థనల పుస్తకంలో ఉందయ్యా బాటీ?"

"పైన తూస్తారని ప్రతి ఆదివారం మీరే చెప్తారు కదా ఫాదర్. ముందోసారి కింద చూసుకుంటే తప్పా?"

ఫాదర్ గడియారం చూసుకున్నాడు. "ఐదు నిమిషాలు. మూడున్నరకి చెల్టెనమ్ పందెం టీవీలో వస్తుంది, అప్పటికి నేను ఇంట్లో ఉండాలి" అన్నాడు.

ఇక మిగిలింది మాసీ భార్య అట్రాక్టా. ఆవిడ వంటింట్లో కెటిల్ దించుతోంది. బాటీ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ అడిగాడు. కెటిల్ గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ మొహం మీదికొచ్చింది నవ్వో ఏడుపో బాటీకి అర్థం కాలేదు. ఒక్కసారి తలుపు వైపు చూసింది.

"తూయించు బాటీ" అంది. "తూయించాల్సిందే. నేనూ వస్తాను."

మర్నాడు పెట్టె మొయ్యడానికి ఆరుగురు. ఎవరెవరు మొయ్యాలో మాసీ బతికుండగానే కాగితం మీద రాసిపెట్టాడు. ఐదుగురు పాత జాకీలు, ఒక్కొక్కడూ ఐదడుగులకి అటూ ఇటూ. ఆరోవాడు బాటీ. చచ్చాక కూడా తమాషా మానలేదు మహానుభావుడు. బాటీ నిటారుగా నిలబడితే పెట్టె ఒక మూల ఆకాశంలోకి లేచింది, లోపల జీను జర్రున జారిన చప్పుడైంది. మోకాళ్ళు వంచితే పెట్టె కుదిరింది గానీ మోకాళ్ళు కుదరలేదు. ఇంటి నుంచి మైదానం దాకా అర మైలు, కుర్చీ లేకుండా కూర్చున్న మనిషిలా నడిచాడు. వెనక ఊరంతా, చినుకుల్లో, గొడుగుల కింద.

గేటు దగ్గర స్లాటరీ గడియారం చూసి, "పదికి నాలుగు నిమిషాలు" అన్నాడు. ఐదుగురు జాకీలకీ పాత బుద్ధి పోలేదు, అడుగు పెంచారు. బాటీ నడుము కలుక్కుమంది. "దింపుదామా?" అని వెనకనుంచి ఎవడో అడిగాడు. "పదీ ఒకటైతే ఆయన తలుపు తియ్యడు. నడవండి" అన్నాడు బాటీ పళ్ళు బిగించి.

తూకం గదిలో ప్రెండర్‌గాస్ట్ గారు నల్ల టోపీ పెట్టుకుని, పుస్తకం తెరిచి నిలబడి ఉన్నారు. గోడ పక్కన పాత తూకపు బల్ల, దాని మీద గడియారమంత పళ్ళెం, అందులో ముల్లు. పెట్టెని అడ్డంగా బల్ల మీదికి దించారు. బల్ల కిర్రుమంది.

"వెట్ సండే. మోయాల్సిన బరువు పది స్టోన్ల ఏడు పౌన్లు" అని, స్టోనుకి పద్నాలుగు పౌన్ల పాత లెక్కలో చదివారు ప్రెండర్‌గాస్ట్ గారు. "ఖాళీ పెట్టె ఎంత?"

"ఆరు స్టోన్ల నాలుగు. ఇత్తడి పిడులతో కలిపి" అన్నాడు స్లాటరీ.

"తీసేసి చూస్తాను. అందరూ వెనక్కి జరగండి. బల్లకి ఎవరూ తగలకూడదు."

అందరూ వెనక్కి జరిగారు. బాటీ కళ్ళు మూసుకున్నాడు. తగ్గితే? దేవుడా, మాసీ ఆఖరి నెలల్లో చిక్కి సగమయ్యాడు. తక్కువ తూగితే మళ్ళీ ఓడిపోతాడు, దానికీ కారణం నేనే అవుతాను. ఈ ఆలోచన నిన్న ఎందుకు రాలేదురా నీకు అని తనని తానే తిట్టుకున్నాడు.

"ఆగండి" అంది అట్రాక్టా. "అలా తూస్తే తక్కువొస్తుంది."

చేతిసంచీ తెరిచి ఎర్రగుడ్డ మూట తీసింది. బాటీ కళ్ళ కంటే ముందు అతని బొటనవేలు దాన్ని గుర్తుపట్టింది.

"అది మీ తలుపు దగ్గరుండే దిమ్మ కదా" అన్నాడు.

"తలుపు దగ్గరికి తర్వాత వచ్చింది. అంతకుముందు వెట్ సండే వీపు మీద ఉండేది." ఆవిడ గుడ్డ విప్పింది. లోపల పలచటి సీసపు బిళ్ళలు, నాలుగు పౌన్ల బరువు. బరువు చాలని జాకీ జీను కింది సంచుల్లో పెట్టుకునేవి. "ఆ రోజు పందేనికి ముందు ఈ బిళ్ళలు సంచిలో పెడుతూ, కంచె అవతల శాండ్విచ్‌లు అమ్ముతున్న పిల్లని డాన్సుకి వస్తావా అని అడిగాడు. ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పకుండా బెట్టు చేసింది. ఆ కంగారులో సంచి బొత్తం పెట్టుకోవడం మర్చిపోయాడు. ఆ పిల్లని నేనే."

జాకీలు ఐదుగురూ మెడలు చాచి ఆ బిళ్ళల్ని చూశారు.

"ఆఖర్నించి రెండో అడ్డు దూకినప్పుడు ఇవి పడిపోయాయి, చీకటిపడ్డాక పోయి వెతికి తెచ్చుకున్నాడులే. గీత దాటాక జీను చంకన పెట్టుకుంటే తెలిసింది, సంచి ఖాళీ అని. తూకం గదికి పోతే నాలుగు పౌన్లు తక్కువ. గెలుపు రద్దు. తప్పు తనది. ఆ గుర్రం యజమాని ఎలాంటివాడో తెలుసుగా, బొత్తం మర్చిపోయిన జాకీని జన్మలో మళ్ళీ గుర్రం ఎక్కనివ్వడు. చచ్చానురా దేవుడా అనుకుంటూ తూకం గదికి నడుస్తున్నాడు." అట్రాక్టా బాటీ వైపు తిరిగింది. "అప్పుడు నువ్వు కంచె దూకావు."

బాటీ చెయ్యి నెత్తి మీదికి పోయింది. "వాడు నన్ను కొట్టాడు. నెత్తి మీద. దించమని."

"దించమని కాదయ్యా. ఆగకు, ఆగకు అని."

"నలభై ఒక్క ఏళ్ళు, అట్రాక్టా."

"తెలుసు."

"నా పెళ్ళినాడు కూడా..."

"తెలుసు. నేనూ ఆ మెట్ల మీదే ఉన్నాను. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకున్నాం. ప్రతి క్రిస్మస్‌కీ ఈసారి చెప్పేస్తాననేవాడు. నువ్వు గుమ్మంలోకి వచ్చి, వేలు తగిలి కేక పెట్టగానే నీ చేతులు చూసేవాడు, హామ్ ఇచ్చేసేవాడు. నేను పోయాక చెప్పు, అప్పుడైతే ఎటూ నన్నే మోస్తుంటాడు, కొట్టడానికి చేతులు ఖాళీ ఉండవు అన్నాడు."

గోడకానుకుని ఉన్న స్లాటరీ నోరు పాల కేంద్రం గేటంత తెరుచుకుంది. నలభై ఒక్క ఏళ్ళ ఎగతాళి ఒక్క నిమిషంలో చేతిలోంచి జారిపోయిన మనిషి మొహం అది.

"యజమాని జాలిపడ్డాడు" అంది అట్రాక్టా, గొంతు తగ్గించి. "పాపం కుర్రాడు, ఎవడో దున్నపోతు వాణ్ణి ఎత్తుకుపోయాడని తన గుర్రాలన్నీ వాడికే ఇచ్చాడు. అక్కణ్ణుంచి మొదలైందే కదా అంతా. నువ్వు ఎత్తుకుపోకపోతే వాడు ఆ నెలలోనే లివర్‌పూల్ పడవెక్కి ఇటుకలు మోసుకునేవాడు. మాసీ క్విర్క్ అనేవాడే లేడు."

బాటీ పెట్టె వైపు చూశాడు. కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, మూత తీసి ఆ పసుపు చుక్కల చొక్కా పట్టుకుని నాలుగు ఊపులు ఊపాలన్నంత. ఆ వెంటనే, నెత్తి మీద ఆ రెండు చేతుల దెబ్బలు గుర్తొచ్చాయి, ఆగకు, ఆగకు అంటూ. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఆపుకోలేకపోయాడు, ఆపుకోవాలనీ అనిపించలేదు. "దొంగ వెధవ" అన్నాడు. ఇంత ప్రేమగా ఆ మాట ఎవర్నీ అనలేదు. "నలభై ఒక్క హామ్‌లు తిన్నాను వాడి పెద్ద మనసు చూసి."

ప్రెండర్‌గాస్ట్ గారు దగ్గారు. "బరువు పూర్తిగా ఉంటే తూకం మొదలెడతాను."

అట్రాక్టా సీసపు బిళ్ళల్ని పెట్టె మీద పెట్టింది. ముల్లు వణికింది, తిరిగింది, ఆగింది. ప్రెండర్‌గాస్ట్ గారు వంగి చూశారు. కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చూశారు. ఆయన భుజం మీంచి ఆ ముల్లు కనపడేంత ఎత్తున్నవాడు ఆ గదిలో ఒక్క బాటీయే. బాటీ చూశాడు. పెట్టె బరువు తీసేసి మనసులో లెక్క వేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎటు లెక్కేసినా పది స్టోన్ల ఏడుకి ఆమడ దూరంలో ఉంది.

ప్రెండర్‌గాస్ట్ గారు పుస్తకంలో కలం పెట్టారు.

"పది స్టోన్ల ఏడు పౌన్లు" అన్నారు గట్టిగా, బయట గొడుగుల కింద ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా. "తూకం సరిపోయింది."

పుస్తకం మూసి, తల ఎత్తి, బాటీ కళ్ళలోకి చూశారు. బాటీ మెల్లగా తలూపాడు. నల్ల టోపీ తీసి ఆ ముసలాయన పెట్టెకి తల వంచారు.

బయట చప్పట్లు మొదలయ్యాయి. ఫాదర్ డౌడ్ గడియారం చూపించాడు. ఐదుగురు జాకీలూ పెట్టె కిందికి దూరారు. బాటీ మోకాళ్ళు వంచి, నలభై ఒక్క ఏళ్ళ కిందట మాసీ కూర్చున్న భుజం మీదికే తన మూల ఎత్తుకున్నాడు.

స్లాటరీ నోట్లో ఆ మాట ఎన్నేళ్ళుగానో కాపురం ఉంటోంది. తన ప్రమేయం లేకుండానే బయటికొచ్చేసింది. "ముందు తూకం వేయించరా బాటీ."

"వేయించాంలే" అన్నాడు బాటీ. "తలుపు తియ్యి."